బాల్కనీలో తెల్లచొక్కా

ఆ ఏడు ప్రపంచమంతా మా ఊరికి వచ్చింది.

పంతొమ్మిది వందల తొంభై రెండు. మా త్రియానా పేటకు ఆనుకుని నదిలో ఒక లంక ఉంది. ఏళ్ళ తరబడి అందులో రెల్లుగడ్డి తప్ప చెప్పుకోదగ్గదేమీ ఉండేది కాదు. అక్కడ ప్రపంచ ప్రదర్శన పెట్టారు. ఏప్రిల్‌లో మొదలై అక్టోబరు దాకా. దాంతో స్పెయిన్ దక్షిణాన ఉన్న మా సెవియాకు అంతకుముందు లేనివన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. కొత్త వంతెనలు, మద్రిద్ నుంచి మూడు గంటల్లో దించేసే రైలు, బార్లలో జపాను భాషలో వంటకాల పట్టికలు. మా వీధిలో ఖాళీ గది ఉన్నవాళ్ళంతా సున్నం కొట్టించి, పరుపు కొని, అద్దెకిచ్చేశారు. పక్కింటి ముసలావిడ తన గదే ఇచ్చేసి వంటింట్లో పడుకుంది. "ఆరు నెలలేగా! పోయాక ఎలాగూ కాళ్ళు బార్లా చాపుకునే పడుకుంటాను" అనేది.

మా ఇంట్లో అద్దెకివ్వడానికి గది లేదు గానీ ముగ్గురికీ చేతినిండా పని ఉంది. మా అమ్మ సలూద్ నది ఒడ్డు వీధిలో ఒక బారు వంటింట్లో నత్తలు వండేది. మే, జూన్ నెలల్లో పుదీనా వాసన వేసే ఆ నత్తల పులుసు గ్లాసులో పోసుకుని తాగకపోతే మా ఊరివాళ్ళకు సాయంత్రం అయినట్టే ఉండదు. నేను ఆ మార్చిలోనే గైడు పరీక్ష పాసయ్యాను. ఇరవై నాలుగేళ్ళు. మెడలో ఫొటో ఉన్న బిళ్ళ వేసుకుని, అద్దం ముందు నాలుగుసార్లు చూసుకుని గానీ ఇంట్లోంచి బయటపడేదాన్ని కాదు.

మా నాన్న ఎలాదియో గుర్రపు బండి తోలేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే పని. పసుప్పచ్చ చక్రాల నల్లబండి, సరీనా అనే బూడిదరంగు ఆడగుర్రం. కెథెడ్రల్ ముందు నారింజ చెట్ల నీడలో బళ్ళన్నీ వరసగా నిలబడేవి. యాత్రికులు ఎన్ని బళ్ళున్నా చివరికి నాన్న బండి దగ్గరికే వచ్చేవారు. ఎందుకంటే నాన్న మాట్లాడేవాడు. ఆరు భాషల్లో తలా పది ముక్కలు వచ్చు. మిగతాదంతా కనుబొమలతోనూ కొరడా పిడితోనూ నడిపించేసేవాడు.

ఆ కబుర్లు వింటూనే పెరిగాను నేను. గంటగోపురం మీద గంట కొట్టేవాడికి చెవుడు వచ్చి, కింద పెళ్ళిళ్ళకు చావు గంటలు కొట్టిన కథ. రాజకోట గోడ మీద పిల్లిలా నడిచిన దొంగ, వాణ్ణి ప్రేమించిన కాపలావాడి కూతురు. పరీక్షకని మూడేళ్ళు రాత్రిళ్ళు కూర్చుని చదివితే ఒక్క పుస్తకంలోనూ వీటిలో ఒక్కటీ కనిపించలేదు.

"నాన్నా, ఆ దొంగ అసలు లేనే లేడట."

నాన్న రొట్టెముక్క మీద నూనె పోసుకుంటూ తలెత్తకుండానే, "ఎవరు చెప్పారు?" అన్నాడు.

"పుస్తకంలో లేడు."

"పుస్తకంలో దొరికిపోతే వాడేం దొంగే!"

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ బిళ్ళ మెడలో పడ్డాక నాకు చాలా విషయాలకు నవ్వు రావడం మానేసింది.

నాన్న కథలన్నిటిలోకీ పేరున్నది ఒకటుంది. రాజకోట గోడ తిరిగి తోటల పక్కకు వెళ్ళే దారిలో ఒక ఇల్లు, దానికి ఆకుపచ్చ చెక్కతో చేసిన చిన్న బాల్కనీ. అక్కడ నాన్న బండి ఆపేవాడు. టోపీ తీసేవాడు.

"నాలుగొందల ఏళ్ళ కిందట ఈ ఇంట్లో ఒక పడుచు ఉండేది. మొగుడు అమెరికా పోయే ఓడ ఎక్కాడు. ఈవిడ రోజూ రాత్రి అతనికి కూడా కంచం పెట్టేది. తలుపు గడియ వేసేది కాదు. ప్రతి ఆదివారం అతని తెల్లచొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, అదిగో, ఆ బాల్కనీలో వేలాడదీసేది. చీకట్లో దారి తప్పినా, చొక్కా చూసి ఇల్లు పోల్చుకుంటాడని. అలా పదకొండేళ్ళు."

"తర్వాత?" అనేవారు బండిలోవాళ్ళు.

"తర్వాతేముంది, చొక్కా పాతబడిపోయింది" అని కళ్ళేలు కదిపేవాడు.

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. మగవాళ్ళు ఫొటో తీసుకునేవారు. మిగతా బళ్ళవాళ్ళు కూడా అక్కడ ఆపడం మొదలుపెట్టారు గానీ, వాళ్ళు చెబితే ఆ పడుచుకు ప్రియుళ్ళు పుట్టుకొచ్చేవారు, దయ్యమయ్యేది. నాన్న మాత్రం ఏళ్ళ తరబడి ఒక్క మాటా మార్చలేదు.

ఆ జూన్‌లో ఒకరోజు వయ్యదొలీద్ అనే ఊరి నుంచి వచ్చిన బృందాన్ని నడిపించుకు వెళ్తున్నాను. ఇరవై మంది, అందరూ రిటైరైన టీచర్లు. నాకు అంతకంటే భయమైన బృందం మరొకటి లేదు, ప్రతివాళ్ళ చేతిలోనూ నోటుపుస్తకం. పన్నెండు కావస్తోంది, రాళ్ళు కాలిపోతున్నాయి. తోటల పక్క నీడలోకి చేరేసరికి నాన్న బండి అక్కడే ఆగి ఉంది. బండిలో ఒక కొత్త జంట. నాన్న టోపీ తీసి మా భాషలోనే చెబుతున్నాడు. మా టీచర్లు కూడా ఆగి విన్నారు. "చొక్కా పాతబడిపోయింది" దగ్గర కొందరు నిట్టూర్చారు.

నోటుపుస్తకం ఉన్న ఒకావిడ నావైపు తిరిగింది. "ఏమ్మా, ఇది నిజమేనా? రాసుకోమంటావా?"

అందరూ నాకేసి చూశారు. నాన్న కూడా చూశాడు. ఆయన ముఖంలో నవ్వు తయారుగా ఉంది, నేనేదో సరదా మాట అంటానని.

"ఈ ఇల్లు పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదిలో కట్టారండీ" అన్నాను. "అప్పుడూ ఊళ్ళో ఒక ప్రదర్శన పెట్టారు, దానికోసం ఈ పేటంతా పాతకాలపు పద్ధతిలో కొత్తగా కట్టారు. నాలుగొందల ఏళ్ళ కిందట ఇక్కడ ఇల్లే లేదు. ఈ బాల్కనీలో ఎవరూ ఎవరికోసమూ ఎదురు చూడలేదు."

టీచర్లు నవ్వారు. బండిలో ఉన్న పెళ్ళికొడుకు కూడా నవ్వాడు. "మమ్మల్ని భలే బోల్తా కొట్టించావే ముసలాయనా!" అన్నాడు.

"బళ్ళవాళ్ళ సంగతి తెలిసిందేగా" అంది నోటుపుస్తకం ఆవిడ. "నీకు తెలుసా ఆయన?"

ఈ ఒక్క ప్రశ్న ఇన్నేళ్ళ తర్వాత కూడా నా చెవిలో వినిపిస్తుంది. "అందరూ తెలిసినవాళ్ళేలెండి" అన్నాను. అని, గొడుగు పైకెత్తి, "ఇటు రండి" అని ముందుకు నడిచాను. వెనక నాన్న నాలుకతో టక్కుమని చేసే చప్పుడు, చక్రాల చప్పుడు వినిపించాయి.

ఆ సాయంత్రం నాన్న ఎప్పటిలాగే ఇంటికొచ్చాడు, ముఖం కడుక్కున్నాడు, చల్లటి టమాటా పులుసులో రొట్టె ముంచుకుని తిన్నాడు. నన్నొక్క మాట అనలేదు. అరిచి ఉంటే బాగుండేది. నేనూ ఏవో సమాధానాలు తయారు చేసుకుని కూర్చున్నాను.

మర్నాటి నుంచి నాన్న బండి మీద మాట్లాడటం మానేశాడు.

నాకు ఆ సంగతి నికాసియో బాబాయ్ చెప్పేదాకా తెలియదు. ఆయన బండి నాన్న బండి పక్కనే నిలబడేది. నాన్నకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, అయినా చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలిచేదాన్ని. నోరు ఊరుకోని మనిషి. ఒకరోజు బృందం కోసం నీడలో నిలబడి ఉంటే చెయ్యి ఊపి పిలిచాడు.

"ఏమే అరాసేలీ, మీ నాన్న నాలుక మీ అమ్మ గానీ నత్తల్లో వేసి వండేసిందా ఏంటి?"

"ఏమైంది బాబాయ్?"

"ఏమవడమేంటి! రెండు వారాలైంది. జనాన్ని ఎక్కించుకుంటాడు, తిప్పుతాడు, దింపుతాడు. నిన్న ఒకావిడ దిగి నన్నడుగుతుంది, పాపం ఆయన మూగవాడా అని. నేను ఆ బాల్కనీ దగ్గర ఒక దయ్యం కథ చెప్పబోతే, 'నికాసియో, ఆ ఇంటి మీద కథ చెప్పకు' అన్నాడు. అంతే. అదొక్క మాటే మాట్లాడాడు రెండు వారాల్లో." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒంట్లో బాగానే ఉందా?"

నాన్న పది అడుగుల దూరంలో సరీనా చెవి వెనక ఎర్రపువ్వు సర్దుతున్నాడు. నన్ను చూసి తల ఊపాడు, ఎవరో తెలిసిన గైడుకు ఊపినట్టు. 

ఆ రోజు బృందాన్ని దింపి తిన్నగా అమ్మ పనిచేసే బారుకు వెళ్ళాను. శనివారం. ఆ వేసవి శనివారాలు ఎలా ఉండేవో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. నది ఒడ్డున కుర్చీలన్నీ నిండి, జనం గోడల మీద కూర్చుని, అవతలి ఒడ్డు దీపాలు నీళ్ళలో పడి వణుకుతుంటే, ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టేవారు. అంతే, ముక్కూ ముఖం తెలియని నలుగురు లేచి మా సెవియా నాట్యం ఆడేవారు. ఆరడుగుల జర్మన్లు చేతులు పైకెత్తి కొంగల్లా తిరుగుతుంటే మా ముసలమ్మలు కడుపులు పట్టుకుని నవ్వేవారు. లంకలో ప్రదర్శన మూసేసరికి జనం వంతెనల మీదుగా పేటలోకి వరదలా దిగేవారు. మేమంతా ఎప్పటికీ అలాగే ఉంటుందనుకున్నాం.

అమ్మ వంటింట్లో పెద్ద గంగాళం ముందు నిలబడి ఉంది. నేను నోరు తెరవకముందే, "వచ్చావా? నీకు రెండు వారాలు పట్టింది" అంది.

"నీకు తెలుసా?"

"నాకు చెప్పకుండా మీ నాన్న తుమ్మను కూడా తుమ్మడు. ఆ గరిటె తియ్యి."

"నేను అబద్ధమేం చెప్పలేదమ్మా. ఆ ఇల్లు ఇరవై ఎనిమిదిలోనే కట్టారు."

"కట్టారు. ఎవరు కాదన్నారు?" అమ్మ పులుసు మీద నురగ తీసి పారబోసింది. "ఆ చొక్కా మీ తాతది."

బయట చప్పట్లు హోరెత్తుతున్నాయి. నేను సరిగ్గా విన్నానో లేదో నాకే తెలియలేదు.

"మీ తాత ఓడ ఎక్కాడనేగా నీకు చెప్పాం? మీ నాన్నా అదే చెప్పేవాడు, అందరికీ. బడిలో, చర్చిలో, పటాలంలో. మీ నానమ్మ పత్రోసీనియో అలా చెప్పమంది. ముప్పై ఆరులో, అంతర్యుద్ధం మొదలై సైన్యం ఊరిని పట్టుకున్న వేసవిలో, తీసుకుపోయారు ఆయన్ని. తీసుకుపోయారంటే చాలు ఇక ఆ ఇంటివాళ్ళకు పని ఇచ్చేవాళ్ళుండరు, పలకరించేవాళ్ళుండరు. అందుకని ఓడ. మీ నాన్నకి అప్పుడు ఐదేళ్ళు. మా పెళ్ళయిన నాలుగేళ్ళకు చెప్పాడు నాకు, అదీ దీపం ఆర్పాక." గరిటె నా చేతిలోంచి తీసుకుంది. "ఊళ్ళో ఎవరికీ చెప్పుకోడానికి లేదు. ఊరుకాని వాళ్ళకు చెప్పుకున్నాడు. నాలుగొందల ఏళ్ళు వెనక్కి తోసి, వేరేవాళ్ళ బాల్కనీకి తగిలించి చెప్పుకున్నాడు. ఇప్పుడు అదీ లేదు."

నత్తలు గ్లాసుల్లోకి వంచి కిటికీలోంచి అందించింది. బయట ఎవరో "ఇంకో రెండు!" అని కేకేశారు.

మర్నాడు ఆదివారం. తెల్లవారకముందే గుర్రపుశాలకు వెళ్ళాను. నాన్న సరీనా కాళ్ళకు నీళ్ళు కొడుతున్నాడు. నేను బ్రష్షు తీసుకుని అవతలి పక్క నిలబడ్డాను. చిన్నప్పుడు అలాగే చేసేదాన్ని.

"నాన్నా, ఆ రోజు నేను..."

"నువ్వు తప్పేం చెప్పావు?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఆ ఇల్లు కట్టినప్పుడు మా నాన్న కూడా పని చేశాడు. ఆ మెట్లకున్న పలకలు ఆయన కాల్చినవే. మా త్రియానా బట్టీల్లోంచి వెళ్ళినవే."

"అది కాదు. నువ్వెవరో తెలుసా అని ఆవిడ అడిగితే..."

నాన్న చేతిలో గొట్టం అలాగే ఉండిపోయింది. నీళ్ళు రాళ్ళ మీద పారుతున్నాయి. కాసేపటికి కొళాయి కట్టేశాడు.

"ఎండలో ఎక్కువసేపు నిలబడకు. టోపీ పెట్టుకో" అన్నాడు.

జూలై గడిచింది, ఆగస్టు గడిచింది. ఆగస్టులో మా ఊళ్ళో మనుషులన్నవాళ్ళు బయటికి రారు. ఆ ఏడు మాత్రం నలభై రెండు డిగ్రీల్లో కూడా యాత్రికులు గోడలు పట్టుకుని నడిచేవారు. నేను గోపురాల ఎత్తులు, రాజుల పేర్లు చెబుతూ తిరిగాను. తోటల పక్కకు వచ్చినప్పుడల్లా బృందాన్ని రోడ్డుకు అటువైపు నుంచి నడిపించేదాన్ని. నాన్న బండి ఎదురైతే ఇద్దరం తలలు ఊపుకునేవాళ్ళం. ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళం, కానీ ఉప్పు గురించీ, ఎండ గురించీ.

సెప్టెంబరు చివర్లో ఒక వాన పడింది. దుమ్మంతా కడుక్కుపోయి, ఊరు మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. ఆ మర్నాడు సాయంత్రం నాన్న బండిని శాలకు తోలకుండా మా ఇంటి గుమ్మం ముందుకు తెచ్చి ఆపాడు. లోపలికి కేకేశాడు.

"సలూద్! మంచి బట్టలు కట్టుకుని రా. అమ్మాయిని కూడా రమ్మను."

అమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. ఊరు చూపిస్తాను, ఎక్కు."

"నాకు చూపిస్తావా? నేను ఇక్కడే పుట్టాను!"

"ముప్పై ఏళ్ళుగా నా బండిలో వెనక సీట్లో ఒక్కసారైనా కూర్చున్నావా?"

అమ్మ ఆలోచించింది. "లేదు" అంది, తనకే ఆశ్చర్యంగా. లోపలికి పోయి గాజుగుండ్ల చెవి జూకాలు పెట్టుకుని వచ్చింది.

వంతెన దాటి ఊళ్ళోకి వెళ్ళాం. అమ్మ మొదట బిగుసుకుని కూర్చుంది, ఎవరైనా చూస్తారేమోనని. ఎద్దుల పోరు మైదానం దాటేసరికి వీపు ఆనించింది. గంటగోపురం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. నికాసియో బాబాయ్ తన బండి మీద లేచి నిలబడి, "రాణీగారికి దణ్ణాలు!" అని అరిచాడు. నాన్న ముందు సీట్లో ఒక్కడే. వీపు మాత్రమే కనిపిస్తోంది. తోటల పక్కన ఆకుపచ్చ బాల్కనీ వచ్చింది. నాన్న ఆపలేదు, అటు చూడలేదు. సరీనా మాత్రం అలవాటుగా అక్కడ నెమ్మదించింది. నాన్న నాలుకతో టక్కుమనిపించాడు, ముందుకు కదిలింది.

మళ్ళీ వంతెన దాటి మా పేటలోకే వచ్చాం. మార్కెట్టు వెనక నేను వందసార్లు నడిచిన వీధి. బట్టలుతికే మిషన్లు, ఫ్రిజ్జులు అమ్మే దుకాణం ముందు బండి ఆపాడు. ఆదివారం కాబట్టి మూసి ఉంది. అద్దంలో తెల్లటి మిషన్లు వరసగా కనిపిస్తున్నాయి. నాన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

"ఇక్కడ పెద్ద వాకిలి చుట్టూ ఇళ్ళుండేవి. పద్దెనిమిది కుటుంబాలు, ఒకటే బావి. మాది పై అంతస్తులో మూలగది. ముందు చెక్క వసారా ఉండేది. అమ్మ అక్కడ వేసేది, చొక్కా."

దారినపోయే ఒక జంట బండి ఖాళీ ఉందా అని అడగబోయి, మమ్మల్ని చూసి వెళ్ళిపోయారు.

"ఆగస్టు మొదటి మంగళవారం సాయంత్రం వచ్చారు. అమ్మ చేపలు వేయిస్తోంది. నలుగురు. వాళ్ళలో ఒకడు ఈ వీధివాడే, నాన్నకి తెలుసు, పేరు పెట్టి పిలిచాడు. నాన్న బట్టీలోంచి అప్పుడే వచ్చాడు, ఒళ్ళంతా మట్టి. చొక్కా మార్చుకుంటానన్నాడు. అక్కర్లేదు, ఇప్పుడే పంపించేస్తాం అన్నారు. అందుకే ఆ చొక్కా ఉండిపోయింది."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పేరు బాల్దొమేరో" అన్నాడు నాన్న. ఆయన నోట ఆ పేరు అప్పుడే విన్నాను. ఇంట్లో ఎప్పుడూ "తాత" అనో "ఆయన" అనో తప్ప పేరు లేదు. "ముప్పై మూడేళ్ళు. పళ్ళ సందుల్లోంచి ఈల వేసేవాడు. నాకు రాదు అది, ఎంత ప్రయత్నించినా."

"చొక్కా ఏమైంది నాన్నా?" అని అడిగాను.

"నేను వేసుకున్నాను. నలభై ఏడులో అమ్మ పోయింది. పాతిపెట్టిన రోజు నాకు వేరే మంచి చొక్కా లేదు. పదహారేళ్ళవాణ్ణి." భుజాలు కొద్దిగా కదిలించాడు. "సరిగ్గా సరిపోయింది."

అప్పుడు వెనక్కి తిరిగాడు. ఏడవలేదు. నన్ను చూశాడు, బృందంలోవాళ్ళు నన్ను ప్రశ్న అడిగేముందు చూస్తారే, అలా.

"నువ్వు తారీఖులు చదువుకున్నావు కదా అమ్మా. నాకొక్క తారీఖు కావాలి. ఎక్కడో రాసుంటారు. మంగళవారం తీసుకెళ్ళారు, అది తెలుసు. ఆ తర్వాతది తెలీదు. కనుక్కోగలవా?"

"కనుక్కుంటాను నాన్నా" అన్నాను.

ప్రదర్శన అక్టోబరు పన్నెండున ముగిసింది. ఆ రాత్రి ఆకాశం నిండా బాణసంచా వెలిగింది. మర్నాటి నుంచి నది ఒడ్డున కుర్చీలు ఖాళీ. పక్కింటి ముసలావిడ తన మంచం తాను ఎక్కి, నిద్ర పట్టక వారం రోజులు తిట్టుకుంది. నాకు పని తగ్గింది. ఆ ఖాళీ రోజుల్లో తిరిగాను. ఒక కార్యాలయంలో అలాంటి కాగితాలే లేవన్నారు. ఇంకోచోట కాలిపోయాయన్నారు. మూడోచోట ఒక గుమాస్తా, "ఎందుకమ్మా ఇప్పుడవన్నీ, నీకు పెళ్ళి కాలేదా?" అన్నాడు. నాలుగోచోట ఒక నడివయసు మనిషి ఏమీ అనకుండా నా ముందు ఒక కట్ట పెట్టి, కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. నవంబరులో, ఒక గురువారం, టైపు కొట్టిన ఒక జాబితాలో పేరు దొరికింది. పేరు, వయసు, వృత్తి కుమ్మరి పని, నివాసం త్రియానా. పక్కన "యుద్ధ శాసనం వర్తింపజేయబడినది" అని, అంటే కాల్చేశారని. తారీఖు ఆగస్టు ఆరు, తెల్లవారుజాము.

చేత్తో రాసుకుని ఇంటికి నడిచి వచ్చాను. దారంతా లెక్కపెట్టుకున్నాను. మంగళవారం ఆగస్టు నాలుగు. రెండు రోజులు. నానమ్మ ఇంకా మొదటి ఆదివారం చొక్కా ఉతకకముందే అయిపోయింది. ఆ పదకొండేళ్ళూ రావడానికి మనిషే లేడు. చెప్పాలా, వద్దా? వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. తేదీ అడిగిన మనిషికి తేదీ ఇవ్వకుండా ఉండే హక్కు నాకు లేదనిపించింది.

నాన్న వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని కళ్ళేనికి కుట్లు వేస్తున్నాడు. చెప్పాను. సూది కింద పెట్టాడు.

"గురువారమా?"

"గురువారం తెల్లవారుజామున."

"రెండు రోజులే." కాసేపు బల్ల మీద చెక్కగీతల్ని వేలితో తడిమాడు. "అమ్మకి తెలియలేదు. పోన్లే." తర్వాత, "ఎక్కువ రోజులు ఉంచలేదన్నమాట వాణ్ణి" అన్నాడు. తన తండ్రిని 'వాడు' అన్నాడు. అప్పుడు లెక్కేస్తే తట్టింది. తాతకు ముప్పై మూడేళ్ళు, నాన్నకు అరవై ఒకటి.

అమ్మను పిలిచి నల్ల టై ఎక్కడుందని అడిగాడు. అమ్మ ఎందుకని అడగలేదు. పెట్టె అడుగునుంచి తీసి ఇస్త్రీ చేసి ఇచ్చింది.

మర్నాడు నాకు కెథెడ్రల్ ముందు చిన్న బృందం ఉంది, పదిన్నరకు. నేను ముందే వెళ్ళాను. బళ్ళవాళ్ళు కాఫీలు తాగుతూ నిలబడి ఉన్నారు. నాన్న బండి దిగాడు. ఎప్పుడూ వేసుకునే కోటు మీద ఆ నల్ల టై. మా ఊళ్ళో దాని అర్థం అందరికీ తెలుసు. నవ్వులు ఆగిపోయాయి.

"ఎలాదియో" అన్నాడు నికాసియో బాబాయ్. "ఎవరు పోయారురా?"

"మా నాన్న."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అరవై దాటిన మనిషి తండ్రి నిన్న పోయాడంటే ఎవరైనా ఏమనుకుంటారు? అందులోనూ ఓడెక్కిపోయాడని విన్న తండ్రి.

"ఎప్పుడు?" అన్నాడు ఒక కుర్ర బండివాడు.

"ముప్పై ఆరు, ఆగస్టు ఆరు. గురువారం, తెల్లవారుజామున."

నాన్న ఆ మాటలు బాల్కనీ కింద కథ చెప్పినట్టు చెప్పలేదు. కనుబొమలు కదపలేదు, చెయ్యి కదపలేదు. మాటకు మాట పేర్చి చెప్పాడు. ముందు ఒకాయన టోపీ తీశాడు, తర్వాత అందరూ తీశారు. ఒకరొకరే వచ్చి నాన్న చెయ్యి పట్టుకున్నారు, శవయాత్రలో పట్టుకున్నట్టే. అప్పటికి ఇద్దరు ఆడవాళ్ళు ఊరి పటం పట్టుకుని వచ్చి బండి కావాలన్నారు. నాన్న వాళ్ళకు చెయ్యి అందించి ఎక్కించాడు. బండి కదులుతుండగా "ఇదుగో, ఈ గోపురం మీద గంట కొట్టేవాడికి చెవుడు" అని ఆయన గొంతు వినిపించింది. ఐదు నెలల తర్వాత.

నికాసియో బాబాయ్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. టోపీ చేతిలో తిప్పాడు.

"అమ్మాయ్" అన్నాడు చివరికి. "ఆ కాగితాలున్నచోట పేరొక్కటే చెబితే చాలా, ఇంకేమైనా కావాలా? మా అన్నయ్య కూడా... ఆ నెల్లోనే."

సంచీలోంచి పుస్తకం తీశాను. "పేరు చెప్పు బాబాయ్."

పేరు చెప్పాడు. వయసు పంతొమ్మిది అన్నాడు. రేవులో మూటలు మోసేవాడన్నాడు. ఎడమచేతి వాటం అని కూడా చెప్పాడు, ఏ జాబితాలోనూ అది ఉండదని ఇద్దరికీ తెలిసినా. అదీ రాసుకున్నాను.